నీళ్లు తక్కువున్న దీవి

ఆ ఆదివారం మల్లేశ్ పెట్టుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగాలి, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీదికి పోయి వల లాగేవాళ్ల మీద కాసేపు అరవాలి, ఇంటికొచ్చి మటన్ తిని పడుకోవాలి. మత్స్యకారుల సంఘం అధ్యక్షుడు ఆదివారం కూడా చేపలే తినాలని ఎక్కడా రాసిలేదు. కానీ చాయ్‌తోపాటు భార్య నర్మద ఫోను కూడా తెచ్చి ముందు పెట్టింది. అందులో ఒకావిడ ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని సముద్రం అడుగున పసుపుపచ్చ చేపల మధ్య తిరుగుతోంది.

"వచ్చే నెలకు మన పెండ్లయి ఇరవై ఏండ్లు. నన్ను గీడికి తోల్కపో," అంది నర్మద.

"చేపలు చూసెతందుకు గంత దూరం పోవుడేందే? ఇంట్ల లేవా?"

"పెండ్లయినకాంచి నేను చూసినయన్నీ సచ్చిన చేపలే. పొలుసు గీకుడు, ముక్కలు కోసుడు, పులుసు పెట్టుడు. ఒక్కసారన్న బతికున్న చేపను దాని ఇంట్ల చూడాలె. స్కూబా అంటరంట దాన్ని. ఫణి సారుతోని మాట్లాడిన. ఏ దీవికి పోవాల్నో నువ్వే చెప్పు. నీళ్ల సంగతి బుగ్గయ్య కొడుక్కి తెల్వకుంటే ఇంకెవలకు తెలుస్తది?"

ఇక్కడే వచ్చింది చిక్కు. బుగ్గయ్య కొడుక్కి ఈత రాదు. తండ్రి బుగ్గయ్య చెరువులో ఒకచోట మునిగితే ఇంకెక్కడో తేలేవాడు, నిజమే. కానీ మల్లేశ్ పెరిగే నాటికి చెరువు ఎండిపోయింది. ఆ నేల మీద అతను నేర్చుకున్నది క్రికెట్. పెళ్లిచూపుల్లో మాత్రం, చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎన్నోసార్లు పోయొచ్చానని ఛాతీ విరుచుకుని చెప్పాడు. పోయొచ్చాడు కూడా, నడిచి. తర్వాత వానలు కురిసి చెరువు నిండేసరికి మల్లేశ్ అధ్యక్షుడైపోయాడు. అధ్యక్షుడు ఒడ్డున నిలబడి అజమాయిషీ చేస్తే ఎవరికీ అనుమానం రాదు.

బస్టాండు ఎదురుగా టికెట్లు బుక్ చేసే ఫణిది భీమవరం. ఎవరికైనా సాయం చెయ్యాలంటే మహా సరదా, వద్దన్నా వదలడు. మల్లేశ్ వెళ్లి కుర్చీలో కూలబడి, "సారూ, ఏ దీవిల నీళ్లు తక్కువుంటయ్?" అన్నాడు.

"దీవంటేనే చుట్టూ నీళ్లు కదండీ!"

"చుట్టూ ఉంటే ఉండనియ్. లోతు చెప్పు."

ఫణి అది జోకనుకుని పగలబడి నవ్వి, అండమాన్ బొమ్మలు చూపించాడు. అక్కడ జైలుంది, పెండ్లిరోజు పెండ్లాన్ని జైలుకు తీసుకుపోతే బాగుండదన్నాడు మల్లేశ్. మాల్దీవులకు పాస్‌పోర్టు కావాలంటే సంతోషించాడు కానీ, దగ్గరుండి తెప్పిస్తానని ఫణి అనగానే పరాయిదేశం తిండి పడదన్నాడు. చివరికి లక్షద్వీప్ దగ్గరికొచ్చారు.

"దీనికి పర్మిట్ కావాలండీ. మీ మీద కేసుల్లేవని పోలీసుల కాగితం తేవాలి."

మల్లేశ్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "వాళ్లు ఇయ్యకపోతే?"

"వెళ్లడం కుదరదు. అయినా మీలాంటి పెద్దమనిషికి ఎందుకివ్వరండీ?"

"గదే ఖాయం చెయ్యి!"

మర్నాడు పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు పోయి కానిస్టేబుల్ వినోద్ కుమార్‌ను పక్కకు పిలిచాడు. "జర చూడు తమ్మీ, నా మీద ఏమన్న కేసులున్నయా?"

వినోద్ కుమార్ కంప్యూటర్‌లో చూశాడు. "ఏం లేవన్నా."

"మంచిగ చూడు. పాతయి? చిన్నది? ఒక్కటన్న?"

"ఏం చేసినవన్నా?"

"ఏం చెయ్యలే. గదే బాధ!" అని, కాగితం కోసం దరఖాస్తు రాసిచ్చి వచ్చాడు.

పోయిన ఫోను గురించి ఫిర్యాదివ్వడానికొచ్చిన ఎంకమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఇదంతా వింది. ఎంకమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆమె గంపకు మూత ఉంటుందేమో కానీ నోటికి లేదు. మధ్యాహ్నానికల్లా మల్లేశ్ మీద కేసయింది. సాయంత్రానికి, చెరువులో వదలమని సర్కారు ఇచ్చిన చేపపిల్లలను మల్లేశ్ ఎవరికో అమ్ముకున్నాడు. చీకటి పడేలోపు పెండ్లాన్ని తీసుకుని ఏదో దీవికి పారిపోతున్నాడు కూడా. కావాలని ఎవరూ అబద్ధం చెప్పలేదు, తలా కాస్త కలిపారంతే.

తెల్లారేసరికి సంఘమంతా కట్ట మీద ఉంది. మల్లేశ్‌ను మధ్యలో నిలబెట్టారు.

"చేపపిల్లలేవి?" అంది ఎంకమ్మ.

"చెరువుల ఉన్నయ్, ఎంకక్కా."

"మరి మాకు కానొస్తలేవేంది?"

"నీళ్లల్ల ఉంటే ఎట్ల కానొస్తయ్!"

అప్పుడే ఫణి స్కూటర్ దిగాడు, వెనక నర్మద. మల్లేశ్‌ను కాపాడాలని ఫణి గట్టిగా అరిచాడు. "ఆయనేం పారిపోవట్లేదండీ! సముద్రం అడుగుకి దిగడానికి వెళ్తున్నారు!"

జనం ఒక్క క్షణం నోళ్లు తెరిచారు. ఎంకమ్మే ముందు తేరుకుంది. "సముద్రంల దిగేటోనికి మన చెరువు ఒక లెక్కనా? నిన్న వల పోయి మొద్దుకు చిక్కింది. దిగి తీయ్. అట్లనే పిల్లలున్నయో లేవో చూసి చెప్పు. గప్పుడు నమ్ముతం."

"దిగు," అంది నర్మద. ఆమె మొహం వెలిగిపోతోంది. "నా మొగడు దొంగ కాదని వీళ్లకు తెల్వాలె. అంగి గిటియ్యి, నేను పట్టుకుంట."

మల్లేశ్ అంగీ విప్పి ఇచ్చాడు. ఒక్కో అడుగే వేస్తూ మోకాళ్లలోతు దాకా వెళ్లాడు. కాళ్ల కింద బురద జారింది, గుండె కూడా జారింది. వెనక్కి తిరిగాడు.

"నాకు ఈత రాదు."

"ఏమన్నవ్?" అంది నర్మద.

"రాదే! అందుకే స్టేషన్‌కు పోయిన. ఒక్క కేసన్న ఉంటే దీవి తప్పుతదనుకున్న. అదీ లేకపాయె!"

ఎంకమ్మ నవ్వడం మొదలుపెట్టి కట్ట మీద కూలబడిపోయింది. సంఘమంతా పొట్టలు పట్టుకుంది. కేసుల కోసం స్టేషన్ చుట్టూ తిరిగేంత అమాయకుడు చేపపిల్లలను అమ్ముకోలేడని అందరికీ ఒకేసారి తోచింది. నవ్వనిది నర్మద ఒక్కతే.

"నువ్వు చెరువుకు పోయిన ప్రతి పొద్దు, నీళ్లల్ల ఏమైతదోనని భయపడి చచ్చిన. మైసమ్మకు మొక్కిన మొక్కులకు లెక్కలేదు. గా మొక్కులన్నీ ఒడ్డున నిలబడేటోని కోసమా?" చేతిలోని అంగీని కట్ట మీదికి విసిరికొట్టింది. "నాతోనన్న చెప్పొద్దా?"

"నువ్వు నన్ను మస్తు గొప్పగ చూస్తుంటివి," అన్నాడు మల్లేశ్ నీళ్లలో నిలబడే. "చెప్పబుద్ధి కాలే. తప్పయింది. ఇగ దీవి ఎట్లాగూ లేదు కదా."

"అయ్యో, ఎందుకు లేదండీ?" ఫణి మళ్లీ సాయానికొచ్చాడు. "స్కూబాకి ఈతతో పనే లేదు. వచ్చేవాళ్లలో చాలామందికి రాదు. అక్కడ నేర్పే మాస్టారు చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లి, పైకి తీసుకొస్తారు. ముందే అడిగుంటే అప్పుడే చెప్పేవాణ్ణి కదా!"

మల్లేశ్ ఆ నీళ్లలోనే చతికిలబడ్డాడు. అంతలో కట్ట మీద బైక్ ఆగింది. "అన్నా, నీ కాయితం తయారైంది," వినోద్ కుమార్ కేకేశాడు. "ఒక్క మచ్చ గూడ లేదు!"

"ఫణి సారూ, రెండు టికెట్లు," అంది నర్మద. "నీళ్లల్ల నా చెయ్యి వదిలితే మాత్రం వీని సంగతి చెప్త."

గుంపులోంచి ఎవరో గొణిగారు. "ఈత రానోడు అధ్యక్షుడేంది? మార్చాలె."

"మార్చుదాం," అంది ఎంకమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఎవనికి కావాల్నో వాడు దిగి వల తీసుకరాండ్రి. వాడే అధ్యక్షుడు."

అందరూ వల చిక్కిన వైపు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క కాలూ కదల్లేదు. వాళ్లంతా ఎండిన చెరువులో మల్లేశ్‌తో కలిసి క్రికెట్ ఆడినవాళ్లే. ఆ పూట అధ్యక్ష పదవి ఏకగ్రీవంగా మల్లేశ్‌కే దక్కింది, సముద్రంతో సహా.