తిమ్మాపురం, వెర్షన్ మూడు

అత్తగారి ఊరికి పోకుండా తప్పించుకోవడానికి మగవాళ్లు వెయ్యి సాకులు వెతుకుతారు. కంప్యూటర్‌ను సాకుగా వాడుకున్న మొదటి అల్లుణ్ణి మాత్రం, అనంతపురం జిల్లా మొత్తానికి, నేనే అయ్యుంటాను.

ఎనభై ఏడో సంవత్సరం. వరసగా మూడో కరువు. నేను కరువు సహాయం చూసే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. గడ్డి లారీలు ఏ ఊళ్లకు పోవాలో ఆ జాబితా కొట్టడం నా పని. జాబితాలో పేరుంటే లారీ వస్తుంది. లేకుంటే ఆ ఊరి గొడ్లు సంతకు పోతాయి. ఆ ఏడు సంతలో గొడ్లను కొనేవాళ్లు వాటితో సేద్యం చేసేవాళ్లు కాదు.

మా మామ వెంకటరాముడిది గుమ్మఘట్ట దగ్గర తిమ్మాపురం. ఆయనకు ఒక జత ఎద్దులున్నాయి. తాను పస్తుండైనా వాటికి మేత వేసే మనిషి.

"ఆదివారం మా ఊరికి పోదామయ్యా," అంది మా ఆవిడ ఆంజినమ్మ. "ఎద్దులు లేసి నిలబడేదానికే కష్టపడతాండాయంట. నాయన ఒక్కడే అగచాట్లు పడతాండాడు."

ఆ ఊళ్లో అల్లుడి స్నానానికి చెంబెడు నీళ్లు. అవి కూడా గంగాళంలో నిలబడి పోసుకోవాలి, ఎందుకంటే ఆ నీళ్లు తర్వాత గొడ్లకు కావాలి. సబ్బు వాసనకు గొడ్లు తాగవని మా అత్త తిప్పమ్మ సబ్బు దాచేసింది.

"నేను రాలేనే. ఆఫీసులో కొత్త ప్యాకేజీ ఎక్కించాల."

"ప్యాకెట్టా? యా బీడీలు?"

"ప్యాకెట్టు కాదే తల్లీ, ప్యాకేజీ! జాబితా కొట్టే ఎడిటర్ ఉండాదే, దానికి తగిలించే చిన్న ప్రోగ్రాము. ఒకటి పేర్లను అక్షరాల వరసలో పెడ్తాది. ఇంకోటి గళ్లు గీస్తాది. ఇప్పుడు మూడోది, బెంగళూరు నుంచి మా స్నేహితుడు దివాకర్ పంపినాడు. ఒకే పేరు రెండుసార్లు పడింటే ఒకటి తీసేస్తాది."

"తీసేయకూడనిది తీసేస్తే?"

"అందుకే గదా వెర్షన్లు పెట్టేది! పాతదీ ఉంటాది, కొత్తదీ ఉంటాది. చెడితే నిన్నటిది తెచ్చుకుంటా. మీ నాయన ఎద్దులకు గడ్డి పంపేది ఈ చేతులేనే!"

"పేడ ఎత్తని చేతులు," అని ఆంజినమ్మ ఒక్కతే బస్సెక్కింది.

నిజం చెప్తున్నాను, ఆదివారమంతా ఫ్యాను కింద ప్రాణం హాయిగా ఉంది. తొమ్మిది వందల చిల్లర పేర్లను కొత్త ప్యాకేజీ అరగంటలో దులిపేసింది. పదకొండు పేర్లు రెండుసార్లు పడ్డాయని తీసేసింది. దాని తెలివికి నేనే మురిసిపోయాను. మా ఆఫీసరు ఏ కాగితమూ చదవడు కనుక మేం ఆయన్ను సంతకం సారు అంటాం. సోమవారం ఆయన సంతకం పెట్టాడు. మంగళవారం లారీలు కదిలాయి.

బుధవారం ఆంజినమ్మ తిరిగొచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"లారీ వచ్చిందా?" అన్నాను మీసం దువ్వుకుంటూ.

"వచ్చె. తిమ్మాపురానికే వచ్చె. శింగనమల కాడ తిమ్మాపురానికి."

మీసం మీద చెయ్యి మీసం మీదే ఉండిపోయింది.

"తిమ్మాపురాలు రెండుండాయని మిషన్‌కు తెల్దు, సరే. తిమ్మాపురం పిల్లను చేసుకున్న నీకూ తెల్దా? నాయన రేపు ఎద్దులను సంతకు తోలుకోని పోతాడంట. మా ఊరి పేరు ఎక్కించు, పద!"

ఆఫీసుకు పరుగెత్తాను. వెనకే ఆవిడ. మూడో ప్యాకేజీని పీకేశాను. అది పోగానే పేర్లు వరసలో పెట్టేది అలిగింది. దాని పాత వెర్షన్ పెట్టాను. పాతదానితో నాకు పొసగదని గళ్లు గీసేది మొండికేసింది. ఎద్దుల లెక్క పడాల్సిన గడిలో రాయదుర్గం అని పడింది.

"భయపడొద్దు, శనివారం జాబితా ఎట్లుండెనో అట్లే తెస్తా," అని ఫ్లాపీ పెట్టాను. అందులోనూ ఆ పదకొండు పేర్లు లేవు.

"ఏమాయె?"

"పాతదానికీ కొత్తదానికీ ఒకే పేరు పెట్టినా. కొత్తది దాచేటప్పుడు పాతది చెరిగిపోయింది."

తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"లే," అంది.

నా కుర్చీలో కూర్చుని, బీరువాలోంచి ఊళ్ల రిజిస్టరు తెప్పించుకుంది. ఒక్కో పేరు మీద వేలు పెట్టి చూస్తూ, ఒకే పేరుతో రెండు ఊళ్లున్న చోటల్లా, తప్పిపోయినదాన్ని తెల్లకాగితం మీద రాసింది. పదకొండూ రాసింది. "మిగతా పది ఊర్లలో గూడా గొడ్లుంటాయి గదా," అంది. కాగితం తీసుకుని నేరుగా సంతకం సారు గదిలోకి పోయింది. ఆయన అలవాటు ప్రకారం చదవకుండానే సంతకం పెట్టాడు.

అయినా లారీ కదిలేసరికి శుక్రవారమైంది. మధ్యలో గురువారం ఉంది.

ఆంజినమ్మతో పాటు, ఎవరూ పొమ్మనకుండానే, ఆ లారీలో నేనూ ఎక్కాను. తిమ్మాపురంలో జనమంతా ఎదురొచ్చారు. మా మామ ఇంటి ముందు కట్టుగొయ్యలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆయన మాత్రం అందరికంటే ముందు లారీ ఎక్కి, ఊరివాళ్ల గొడ్లకు గడ్డిమోపులు కిందికి అందిస్తున్నాడు.

"మామా, తప్పు నాదే..."

"మా అమ్మి దిగతానే చెప్పింది లేప్పా, శ్రీరంగప్పా." ఆయన పని ఆపలేదు. "దున్నేటోడు ఎవుడన్నా కొంటాడేమో అని మాపు వరకూ సంతలో నిలబడితి. ఒక్కడూ రాలేదు. కోతకు కొనేటోళ్లే కొనిరి."

నేను తల దించుకుని లారీ పక్కనే నిలబడ్డాను. 

ఆయన ఒక మోపు నా చేతికి అందించాడు. "ఊరికే నిలబడితే ఎట్లప్పా? మారెమ్మ ఆవు పడిపోయుండాది. ఇది తీసుకుపోయి ముందు దాని నోటికి పెట్టు. ఆమె ఇల్లు తెలుసు గదా?"

తెలియదు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆ ఊళ్లో మామ ఇల్లు తప్ప నాకు ఏ ఇల్లూ తెలియదు.

"నా ఎనకాలే రా," అంది ఆంజినమ్మ.

గడ్డి మెడలో గుచ్చుకుంటుంటే, మోపు నెత్తిన పెట్టుకుని, ఆమె వెనకాలే నడిచాను.