గేదె దర్శనార్థము గోవిందరాజు సల్పిన లఘుశంకా సంగ్రామము

స్వస్తి! హుగ్లీ తరంగ శీకర శీతలమై, బస్సు హారన్ల భేరీరవములతో నిత్యకోలాహలమైన కోల్‌కతా మహానగరమున, న్యూ టౌన్ అను నవనగరి యందు, ఒకానొక ఆదివారపు మ్యాట్నీ ముహూర్తమున, ఏక్‌బాల్‌పూర్ వాస్తవ్యుడును, ఓడరేవు క్రేను సారథియును, ఉక్కుపెట్టెలను బొంగరాల వలె తిప్పు ప్రచండ బాహుదండుడును అగు గోవిందరాజు, ధర్మపత్ని సన్యాసమ్మతోను, కూతురు రోజాతోను కూడి ఒక స్వదేశీ బొమ్మల సినిమాకు వేంచేసెను. అచట అతడు లఘుశంక అను ఘోర శత్రువుతో చేసిన యుద్ధమును వినుడు!

యుద్ధమునకు మూలకారణం సన్యాసమ్మ. శ్రీకాకుళం విడిచి ఎంతకాలమైనా, చెంబెడు చోడి అంబలి తాగనిదే ఆ ఇల్లాలు ఎవరినీ గడప దాటనివ్వదు. హాల్లో తిండి దండగని ఆనాడు రెండో చెంబు కూడా తాగించెను. ఆపైన హాల్లో హిమాలయ గుహను తలదన్ను ఏసీ. ఇక చెప్పేదేముంది, బొమ్మ పడిన కాసేపటికే శత్రువు పొత్తికడుపు కోటను ముట్టడించెను.

లేచి పోవచ్చు కదా అందురేమో. పోరాదు! ఆ సినిమా చేసిన ఆఫీసులోనే రోజా ఉద్యోగం. అందులో ఒక గేదె బొమ్మను కంప్యూటరులో నడిపించుట ఆమె పని. "బొమ్మలాటకి జీతమేటి?" అని ఎకసెక్కమాడే తండ్రి ఆ పనిని ఏనాడూ చూడలేదు. ఒకసారి ఆయన డ్యూటీ దిగి వస్తుండగా ఆమె సందు చివర నిలబడి ఫోనులో వీడియో తీస్తే, "నాకేటి, నేను సినిమా హీరోనా?" అని కసిరి పోయెను. అట్టి పిల్ల ఇవాళ తానే నోరు తెరిచి, "నా గేదెను చూడు నాన్నా" అన్నది. ఇవాళా చూడకపోతే ఇంకెప్పుడూ అడగదు. ఆ సంగతి గోవిందరాజుకు తెలుసు.

తెర మీద చూడబోతే, ఆహా, ఏమి చిత్రరాజము! తుఫానుకు ఇళ్లు ఎగిరిపోవుచున్నను ఒక్క వెంట్రుక కదలని బాలనాయకుడు. వరదలో పీకలదాకా మునిగినను నవ్వు చెరగని తల్లి. పాదములు నేలకు ఆనని తాతగారు. ఆయన ఊపిరి పీల్చినప్పుడెల్ల ఒక నీతి, విడిచినప్పుడెల్ల ఒక పాట. అన్నిటికన్న క్రూరురాలు నది. నీలం పాలిథిన్ పట్టా వంటి ఆ నది సందు దొరికినప్పుడల్లా గలగల పారుచుండెను. ఆ గలగలకు గోవిందరాజు పడిన యాతన పగవాడికి కూడా వద్దు.

"ఇంటర్వెల్ అవగానే వస్తాది" అన్నది రోజా. మగవారి గది ముందు నిలిచిన అక్షౌహిణిని చూచి, గేదె తప్పిపోవునని వీరుడు వెనుదిరిగెను. గేదె రాలేదు. దాని ఘట్టమును సినిమా చివరికి జరిపిన సంగతి ఆఫీసువారు రోజాకు చెప్పనేలేదు. తాతగారు ఇంకో నీతి అందుకొనెను.

అంతట లఘుశంక సింహనాదము చేసెను: "ఓరీ క్రేను సారథీ! ఓడలను ఖాళీ చేసితివి, నన్నాపగలవా? లెమ్ము! ఈ గేదె పోతే ఇంకో గేదె!"

"ఓసి నీచురాలా!" అని వీరుడు మనసులోనే గర్జించెను. "పెనుగాలిలో వ్రేలాడు ఉక్కుపెట్టెను వెంట్రుకవాసి కదలనీయని చేయి ఇది! నా బిడ్డ గేదె రానిదే ఈ కుర్చీ విడువను. కట్ట తెగినను సరే! కాదు కాదు, తెగరాదు!"

"ఏటయ్యా ఆ మెలికలు? జెర్రేమైనా పాకిందేటి?" అన్నది సన్యాసమ్మ.

"ఏటీ లేదు. గేది ఏదే?" అంటూ ఆయన సగం లేచెను.

"దాదా, బోషున్ నా!" అని వెనక సీటు బెంగాలీ పెద్దమనిషి కసిరి కూర్చోబెట్టెను.

అప్పుడు వచ్చింది. పొద్దు గూకే వేళ, పని చేసి అలసిన గేదె ఒకటి గట్టు మీద ఇంటికి నడిచి వస్తోంది. ఎడమ భుజం కాస్త వంచి, కుడికాలు కాస్త ఈడ్చి, నాలుగడుగులకోసారి ఆగి మెడ విదిలిస్తూ. గాలిలో తేలే ఆ బొమ్మలన్నిటిలో దాని ఒక్కదానికే బరువుంది. తాతగారు సైతం నీతి చెప్పలేదు.

"ఓలమ్మో!" అన్నది సన్యాసమ్మ అందరికీ వినబడేలా. "ఇది నీ నడకే కదయ్యా!"

రోజా తండ్రి వైపు చూడలేకపోయింది. "ఆ వీడియో చూసే చేశాను నాన్నా. కోపమొచ్చిందా?"

గేదెతో పోలిస్తే ఊరుకునే మనిషి కాదు గోవిందరాజు. అయినా తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"కుడికాలు ఇంకొంచెం ఈడుస్తాను" అన్నాడు చివరికి. "మిగతాదంతా బాగున్నాదమ్మా."

గేదె తెర దాటెను. వీరుడు లేచెను! ఎడమ భుజము వంచి, కుడికాలు ఈడ్చి, పరుల మోకాళ్లు త్రొక్కుచు, చీకటిని చీల్చుచు ఉరికెను. గేదె తెర దిగి వచ్చినదని పిల్లలు చప్పట్లు కొట్టిరి.

జయము! దిగ్విజయము! అతడు గమ్యము చేరెను. ఆ దండయాత్రలో, కంటిది తప్ప, ఒక్క చుక్కయైనను దారిలో రాలలేదని సకల లోకములు తెలిసికొనుగాక!