హెచ్‌టీ ముద్ర గుంజలు

భూమిలో పాతిన గుంజ రెండేళ్లకే పుచ్చిపోవడం సమాజానికి మేలు చేస్తుంది. నవ్వకండి. పటాన్‌చెరులో ముప్పై ఏళ్లు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. ఆధారం లేనిదే మాట్లాడను.

మా వీధిలో ఉండే సంగమ్మ సుల్తాన్‌పూర్ రోడ్డు పక్కన భోజనాల షెడ్డు వేయాలనుకుంది. భర్త పోయాక ఆమెకు పొయ్యే ఆధారం. రేకుల కింద ఆరు కట్టె గుంజలు కావాలి. వాటిని ఎంచే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను. ఉచిత సలహాకు రిటైరైన మనిషిని మించిన అర్హుడెవరు?

మా ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో వడ్రంగం చేసిన మల్లన్న అడ్డుపడ్డాడు. "సారూ, మట్టిల పాతే కట్టెకు ప్రెషర్ పెట్టి మందు లోపటి దాకా ఎక్కించాలె. పైన మందు రంగు పచ్చగున్నదని తేకుండ్రి. ఒక ముక్క కోయించి సూడుండ్రి."

నాకు చెప్పేవాడా? నేరుగా డిపోకు బయల్దేరాను.

టింబర్ డిపోలో గుంజలు చిలక పచ్చగా మెరుస్తున్నాయి. ప్రతిదాని మీదా హెచ్‌టీ అని ముద్ర.

"హెచ్‌టీ అంటే హై ట్రీట్‌మెంట్ సార్," అన్నాడు డిపో ప్రభాకర్.

ముద్ర ఉన్నాక కోత దేనికి? సరే అనేశాను.

రెండో వానాకాలం, సరిగ్గా మధ్యాహ్న భోజనాల వేళ, మూల గుంజ నేల మట్టం దగ్గర విరిగింది. రేకులు ఒరిగాయి. ఆ ఐకమత్యం మీరు చూసి ఉండాల్సింది! బీహార్ వెల్డరు, ఒడిశా హెల్పరు, శ్రీకాకుళం డ్రైవరు ఎంగిలి చేతులతోనే రేకులు ఎత్తిపట్టుకున్నారు. గట్టి గుంజ ఏనాడైనా ఇంతమందిని కలిపిందా? పైగా చెదపురుగులకు రెండేళ్లు అన్నదానం!

సంగమ్మ మాత్రం మరుగుతున్న పప్పు గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకుంది. వారం రోజులు పొయ్యి వెలగలేదు. ఆ వారాన్ని ఏ మేలు కింద రాయాలో నాకింకా తోచలేదు.

మల్లన్న ఆ విరిగిన గుంజను నా ముందే రంపంతో కోశాడు. పచ్చదనం పైపూత మాత్రమే. లోపలంతా తెల్లటి ప్యాకింగ్ పెట్టెల కట్టె.

"ఇది మిషన్ల పెట్టెలకు కొట్టే ముద్ర సారూ. హెచ్ అంటే హై కాదు, హీట్. కట్టెను వేడి జేసి పురుగును సంపిన్రు, గంతే. పెట్టె ఓడ ఎక్కొచ్చు. మట్టిల నిలవడదు."

ఆ ముద్ర ఉన్న పెట్టెలను ఇరవై ఏళ్లు పాస్ చేసి సంతకాలు పెట్టింది నేనే. దాని అర్థం ఒక్కనాడూ ఎవరినీ అడగలేదు.

ఆ వారం గడిచాక సంగమ్మ చేతికి కట్టుతోనే ఇంటి ముందు పొయ్యి వెలిగించి, మల్లన్నను వెంటబెట్టుకుని బయల్దేరింది.

"ఈపారి కట్టె నేనే కోయించి తెస్త సారూ. మీరు గీడ్నే కూసొని పప్పు మాడకుండ సూడుండ్రి."

కూర్చున్నాను. పైన నురగ బాగానే కనిపించింది. అయినా గరిటె అడుగుదాకా దించి చూశాను.