లేని విరేచనాలకు ముందు జాగ్రత్త

ఆ సోమవారం ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా వారపు నివేదిక పంపేసి, ఒక పూట సెలవు పెట్టి, ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్న పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడం.

నగర ఆరోగ్య కార్యాలయంలో ఆమెది లెక్కల ఉద్యోగం. ఏ దుకాణంలో ఏ మందు ఎంత అమ్ముడైందో ఆమె కంప్యూటర్‌కి చేరుతుంది. ఏదైనా వార్డులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఒక్కసారిగా ఎక్కువ అమ్ముడైతే, అక్కడ విరేచనాలు మొదలయ్యాయని అనుమానించాలి. రోగులు ఆసుపత్రికి రాకముందే జబ్బును పట్టుకునే ఏర్పాటన్నమాట. పదింబావుకి తెర మీద నాలుగో వార్డు ఎర్రబడింది. ఆమె పరుగున వెళ్లి ఆరోగ్యాధికారికి చెప్పింది.

"ఆసుపత్రిలో కేసులెన్ని?" అన్నాడాయన.

"ఒక్కటీ లేదు సార్."

"అంటే ఇంకా రాలేదన్నమాట! వచ్చేదాకా చూస్తూ కూర్చుంటామా? ఇంటింటికీ ప్యాకెట్లు పంచండి."

ఆఫీసు స్టోరులో ప్యాకెట్లు లేవు. జీపు వేసుకెళ్లి ఆ వార్డులోని సూపర్ మార్కెట్లో ఉన్నవన్నీ ఊడ్చుకొచ్చారు. అక్కడ సరుకు తెప్పించే లెక్కలు చూసేది ఆమె భర్తే. కానీ పెళ్లయిన కొత్తలో భోజనాల దగ్గర గ్రాఫుల గురించి పోట్లాడుకుని మూడు రోజులు మాటలు మానేశాక, ఇంట్లో ఆఫీసు ఊసెత్తకూడదని ఇద్దరూ ఒట్టేసుకున్నారు.

మర్నాటికి ఎరుపు ఇంకా ముదిరింది. ఆరోగ్యాధికారి కరపత్రాలు వేయించాడు. అవి చదివి జనం ఓఆర్ఎస్ కోసం పరుగెత్తారు. దాంతో పక్క రెండు వార్డులూ ఎర్రబడ్డాయి. బడులకి నీళ్లు కాచి తాగమని ఉత్తర్వులెళ్లాయి. ఆమె డాక్టర్లందరికీ ఫోన్లు చేసింది. కడుపు బాగాలేనివాడు ఊరు మొత్తానికి ఒక్కడే దొరికాడు, అదీ పెళ్లి విందు పుణ్యమా అని. పంటి నొప్పి దవడంతా పాకింది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అత్తగారు బల్ల నిండా ఓఆర్ఎస్ ప్యాకెట్లు పరుచుకుని కూర్చుంది.

"ఎవరికి బాగాలేదు అత్తయ్యా?" అంది కంగారుగా.

"ఎవరికేం, అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. మీ ఆయన పనిచేసే షాపులో ఒకటి కొంటే ఒకటి ఊరికే ఇస్తున్నారే, అమ్మాయ్!"

వెనకే వచ్చిన భర్త ఆనందం పట్టలేక ఒట్టు తీసి గట్టున పెట్టాడు. "నా ప్రోగ్రాం గిరాకీని ముందే పసిగట్టి లారీడు తెప్పించింది తెలుసా! సోమవారం ఎవరో జీపులో వచ్చి మొత్తం పట్టుకెళ్లారు, అది చూసే ఇంకా అమ్ముడవుతాయని లెక్కేసింది."

"ఆ జీపు మాదేనండీ!" అంది నీరసంగా. "అంతకుముందు ఎవరు కొన్నారు?"

"ఆదివారమా? బడి వ్యాయామం మాస్టారు. పరుగుపందేలకని మూడు పెట్టెలు."

ఆమె వేళ్ల మీద లెక్కేసుకుంది. ఆ రెండో రోజు నుంచీ ఆమె లెక్కపెట్టినదంతా తమ ఆఫీసు కొన్నవీ, తమ కరపత్రాలు కొనిపించినవీ, భర్త షాపు ఊరికే ఇచ్చినవీ. ఉద్యోగం ఊడటం ఖాయమనుకుని, జరిగిందంతా కాగితం మీద పెట్టి, శుక్రవారం పొద్దున్నే ఆరోగ్యాధికారి ముందు నిలబడింది.

ఆయన కాగితం అందుకోకుండానే లేచి నిలబడ్డాడు. "శభాషమ్మా! నిన్న ప్యాకెట్లు పంచుతూ మనవాళ్లు నాలుగో వార్డులో ఏం చూశారో తెలుసా? తాగునీటి గొట్టం పగిలి మురిక్కాలవలో మునిగి ఉంది! ఇంకో వారం ఆగితే ఊరంతా మంచమెక్కేది. అప్పటికప్పుడు బాగుచేయించాం."

"సార్, అది నా లెక్క కాదు. పరుగుపందెం..."

ఆయన కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇది పైకి వెళ్లిందంటే విరేచనాలు మనిద్దరికీనమ్మా. నువ్వు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లు, దవడ వాచింది."

నెల తిరక్కుండా ఆ కార్యాలయానికి ఉత్తమ ముందస్తు అంచనా పురస్కారం వచ్చింది. నివేదికలో కృతజ్ఞతలు పేజీన్నర ఉన్నాయి గానీ, గొట్టం అతికించిన ప్లంబరుకి అందులో చోటు చాలలేదు.