వంతెనకు ఇవతలే ఉండు

ఆ ఉదయం వెండెల్ ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మేవిస్ అవతలికి వెళ్ళి ఒక గిన్నె తిరిగిచ్చి వచ్చేదాకా నదికి ఇవతల, మిన్నెసోటాలో, వదినగారింట్లో కదలకుండా కూర్చోవడం. వంతెన దాటితే విస్కాన్సిన్. అక్కడ లెస్టర్ నూట్సన్ అనే చీజ్ వ్యాపారి అతని మీద కేసు వేశాడు.

ఓక్లహోమాలో వెండెల్‌కు మాంసం కాల్చి వడ్డించే హోటలుంది. ఫోనులో చీజ్ తెప్పించుకుని, పాడైందని డబ్బివ్వనన్నాడు. కేసు విస్కాన్సిన్‌లో నడిస్తే హోటలుకు తాళం వేసుకుని అంతదూరం తిరగాలి.

"ఫోను చేసినంత మాత్రాన ఆ కోర్టుకు నువ్వు చిక్కవు," అని వాళ్ళ ఊరి లాయరు ట్రూడీ ధైర్యం చెప్పింది. "కాని ఆ గడ్డ మీద నీ చేతికి సమన్లు ఇచ్చారో, ఇక నేనేం చెయ్యలేను. కాలు పెట్టకు."

చిక్కంతా గిన్నెతో వచ్చింది. గొడవకు ముందు, చీజ్‌తో పాటు లెస్టర్ భార్య గాజుగిన్నె నిండా తీపి పంపింది. చుట్టపుచూపుగా ఇంత దగ్గరికి వచ్చాక దాన్ని తిరిగివ్వాల్సిందే అంది మేవిస్.

"మన మీద కేసేసిన వాళ్ళకి అందులో ఆపిల్ పై చేసిపెడతావా?" అన్నాడు వెండెల్.

"కేసు ఆయనది, గిన్నె ఆవిడది. ఖాళీగా ఇస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది," అని మేవిస్ కారెక్కింది.

కాసేపటికి ఫోను. "లెస్టర్ గారి వాకిట్లో మన కారు మంచుగోతిలోకి జారింది. పాపం, నడుంనొప్పితో ఆయనొక్కడే తోస్తున్నాడు."

"తోయనీ."

"వెండెల్," అంది మేవిస్. అంతే అంది.

ఆ పిలుపు ముందు ఏ లాయరు సలహా నిలవదు. వెండెల్ వంతెన మీద నడిచి వెళ్ళి, లెస్టర్ పక్కనే భుజం ఆనించాడు. దారిన పోతున్న షెరీఫ్ ఆఫీసు మనిషి కూడా దిగి ఓ చెయ్యి వేశాడు. కారు గట్టెక్కింది.

"పేరు చెప్పారు కాదు," అన్నాడతను చేయి కలుపుతూ.

"వెండెల్ ప్రూయిట్."

అతను తన బండిలోంచి ఓ కవరు తెచ్చి అదే చేతిలో పెట్టాడు. "కోర్టు సమన్లు అందించే పని మా ఆఫీసుదే. ఓక్లహోమా దాకా పంపాలేమో అనుకుంటున్నామండీ. శ్రమ తప్పించారు."

తోడుగా వచ్చి తోసినవాడికి సమన్లు అందడం చూసి లెస్టర్‌కే సిగ్గేసింది. "అందరూ లోపలికి రండి. కాఫీ తాగకుండా పోతే మా ఆవిడ ఊరుకోదు."

లోపల ఆపిల్ పై కోశారు, పక్కన చీజ్ పెట్టారు. మేవిస్ ఓ చీజ్ ముక్క నోట్లో వేసుకుంది. "ఎంత బావుందో. మాకొచ్చింది కూడా మొదటిరోజు ఇలాగే ఉంది. ఫ్రిజ్ ప్లగ్గు ఊడబట్టి పాడైంది గాని."

"ప్లగ్గేమిటి?" అన్నాడు వెండెల్.

"నేల తుడుస్తూ నువ్వే పీకావు. బాధపడతావని చెప్పలేదు."

షెరీఫ్ మనిషి తన ఆపిల్ పై ముక్క మీద శ్రద్ధ పెట్టాడు. వెండెల్ మెల్లగా చెక్కు పుస్తకం తీశాడు. లెస్టర్ కేసు ఎత్తేశాడు, హోటలు ఒక్కరోజైనా మూతపడలేదు.

ఆ వారమే ట్రూడీ ఫీజు అడిగింది. ఆమెదీ ఓక్లహోమాయే కావడంతో, ఈసారి తప్పించుకుందామంటే వెండెల్‌కు దాటకుండా ఉండడానికి వంతెన దొరకలేదు.