రెండోసారి వాలిన లైట్లు

ఐదూ నలభైకి ఇల్లు దాటాలి, ఐదూ యాభై రెండుకల్లా కల్వర్టు దగ్గర ఉండాలి. ఆ ఉదయానికి పెద్దాయన వేసుకున్న పథకం అంతే. అచ్చు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటున్నాడు. డాక్టరు నడవమన్నది గుండె కోసం. ఆయన నడిచేది మాత్రం పాల వ్యాను కోసం.

రోడ్డుకు కుడి అంచున, ఎదురొచ్చే బళ్ళను చూస్తూ నడవడం ఆయన నియమం. కల్వర్టు దగ్గర పాల వ్యాను ఎదురయ్యేది. దాని లైట్లు ఒకసారి కిందికి వాలేవి. అది రూలు. ఎదుటి మనిషి కళ్ళలోకి వెలుగు కొట్టకూడదు. కానీ ఒక్క క్షణం ఆగి మళ్ళీ వాలేవి. ఈ రెండోది ఏ రూలులోనూ లేదు. ఆయన చెయ్యెత్తేవాడు, వ్యాను వెళ్ళిపోయేది. లైట్ల వెనకున్న ముఖాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. మిగతా రోజంతా పలకరించేవాళ్ళు లేరు కనక, ఆ రెండో వాలును మధ్యాహ్నం దాకా పొదుపుగా వాడుకునేవాడు.

కిందటి వారం చెల్లెలు ఫోనులో చీవాట్లు పెట్టింది. "నువ్వు బండిని చూస్తే చాలదన్నయ్యా, బండి నిన్ను చూడాలి. ఆ బూడిద రంగు స్వెట్టర్లో నువ్వు చీకట్లో చీకటివే." ఆ వెంటనే పార్సెల్ పంపింది. వెలుగు పడితే మెరిసే వెండిరంగు చారలున్న పసుపుపచ్చ జాకెట్టు, చేతికి కట్టుకోవడానికి ఎర్రగా మిణుకుమనే పట్టీ. "వేసుకోనంటే నా దగ్గరికి వచ్చెయ్. మా హాల్లో ట్రెడ్‌మిల్ ఉంది."

హాల్లోకి పాల వ్యాను రాదు. అందుకని ఆ స్వెట్టరు మీదే వేసుకున్నాడు.

ఈ వేషంలో తనను వ్యాను డ్రైవరు గుర్తుపడతాడో లేదోనన్న బెంగతో, ఆ రోజు లైట్లు వాలకముందే చెయ్యెత్తాడు. ఎత్తిన చేతి మీద ఎర్రదీపం మిణుకుమిణుకుమంది. వ్యాను కీచుమని ఆగింది.

"ముందు తవ్వుతున్నారా అన్నా?" డ్రైవరు తల బయటపెట్టాడు. కుర్రవాడే.

నేనే, అందామనుకున్నాడు పెద్దాయన. కానీ అది రోజూ పది దాటాక, మందుల దుకాణంలో తొలి మాట పలికే గొంతు. దగ్గు వచ్చింది.

"సరే సరే," అంటూ డ్రైవరు వ్యానును పక్క సందులోకి తిప్పేశాడు.

వెనకే బస్సు. కండక్టరు దిగివచ్చాడు. "ఎంతసేపు పడుతుంది సార్?"

దిద్దాల్సిన తప్పు కళ్ళెదుటే ఉంది. ఇంతకన్నా చిన్న తప్పులకు సీసాల కొద్దీ ఎర్ర సిరా ఖర్చు పెట్టినవాడు. కానీ కండక్టరు తన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. తన జవాబు కోసం ఒక మనిషి ఆగి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకునే లోపే నోరు "చెప్పలేను" అనేసింది. అది అబద్ధమూ కాదు.

"చెప్పలేరంట," అని కండక్టరు బస్సులోకి కేకేశాడు. ఇంజను ఆగింది. బస్సు వెనక ఆటోలు, ఆటోల వెనక స్కూలు వ్యాను నిలిచాయి. ఒక ఆటో డ్రైవరు, పాపం సాయం చేద్దామని, విరిగిపడిన కొమ్మను రోడ్డుకు అడ్డంగా ఈడ్చాడు. దాంతో రోడ్డు మూసినందుకు సాక్ష్యం కూడా దొరికింది. చెవుల్లో పాటలు పెట్టుకుని నడిరోడ్డు మీద పరిగెడుతున్న ఇద్దరు వచ్చి ఆగారు.

"మేం వెళ్ళొచ్చా సార్?"

"చెవుల్లోవి తీసేసి, అంచు మీద."

వాళ్ళు మారుమాట్లాడకుండా తీసేశారు. ప్రాణానికి ఇంత హాయిగా ఉండటం చూసి పెద్దాయనకు భయమేసింది.

సందులో పాల వ్యానుకు చెత్త లారీ ఎదురై, రెండూ గోడల మధ్య ఇరుక్కున్నాయి. హారన్లు మోగీ మోగీ తెల్లారింది. కానిస్టేబులు వచ్చాడు.

"ఏ డిపార్ట్‌మెంటు?"

"ప్రూఫ్ సెక్షను. రిటైరయ్యాను."

"ఇక్కడ జరుగుతున్న పనేంటి?"

"నడక."

"మిమ్మల్ని పంపిందెవరు?"

"మా చెల్లెలు."

కానిస్టేబులు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ముందా జాకెట్టు విప్పండి."

విప్పి చంకలో పెట్టుకున్నాడు. కొమ్మ తొలగింది, బస్సు కదిలింది. మెట్టు మీద నిలబడ్డ కండక్టరు పోతూ పోతూ ఆయన్నే అడిగాడు. "ఆ జాకెట్టాయన ఏడండీ? మమ్మల్నింతసేపు నిలబెట్టి, చెప్పకుండా పోయాడేంటి?"

"రేపు కూడా వేసుకోండి పెద్దాయనా," అన్నాడు కానిస్టేబులు. "చీకట్లో అది లేకుండా రోడ్డెక్కొద్దు. చెయ్యి మాత్రం ఎత్తకండి."

ఎట్టకేలకు సందులోంచి పాల వ్యాను బయటపడింది. బూడిద రంగు స్వెట్టరును చూసి దాని లైట్లు వాలాయి. మళ్ళీ వాలాయి. వ్యాను ఆగింది.

"ఏం బాబాయ్, ఇవాళ కల్వర్టు దగ్గర లేరు? ఎవడో జాకెట్టోడు రోడ్డు మూసి నన్ను సందులో ఇరికించాడు. అక్కడ కూర్చుని, రోజూ ఉండే మనిషి ఏమయ్యాడా అనుకుంటున్నా."

"ఆ జాకెట్టోణ్ణి నేనే."

డ్రైవరు ఆయన్నీ, చంకలోని జాకెట్టునీ మార్చి మార్చి చూశాడు. "మరి ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"దగ్గొచ్చింది."

అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతో, పెద్దాయన నెలల తరబడి దాచుకున్న ప్రశ్న అడిగేశాడు. "లైట్లు రెండోసారి కూడా దించుతావు కదా, ఎందుకు?"

"రెండోసారా?" అతను కాసేపు ఆలోచించాడు. "ఓ, అదా. స్విచ్ లూజు బాబాయ్. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుద్ది. ఎవరెదురైనా అంతే. బాగుచేయించాలి."

"తొందరేం లేదులే," అన్నాడు పెద్దాయన.

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా చాలాసేపు మంచం మీద కూర్చున్నాడు. పదకొండు నెలల పలకరింపులు ఒక్క వదులు స్క్రూ దగ్గర తేలిపోయాయి. ఎత్తిన చేతులన్నీ ఒక్కొక్కటిగా దింపుకుంటున్నట్టు ఉంది. మధ్యాహ్నానికి వాడుకోవడానికి ఆ రోజు ఏమీ మిగల్లేదు.

అయినా మర్నాడు ఐదూ నలభైకి ఇల్లు దాటాడు. జాకెట్టు వేసుకున్నాడు, పట్టీ కట్టుకున్నాడు, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. కల్వర్టు దగ్గర లైట్లు వాలాయి. మళ్ళీ వాలాయి. ఆయన తల మాత్రం ఊపాడు. దాటిపోయే ముందు వ్యాను కాస్త నెమ్మదించింది, లైట్లు మూడోసారి వాలాయి.

స్విచ్ మరీ పాడైనట్టుంది.