ఖాళీ ఇంట్లో కాపురం పెట్టిన తోడల్లుళ్ళు

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు టౌన్ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. తన ఇంటి పక్కనున్న ఖాళీ మేడను చూస్తుంది. దాని పిట్టగోడ ఎంత ఒరిగిందో టైలరు దగ్గరుండి చూపిస్తాడు. ఆవిడ కూల్చమని ఉత్తర్వు రాస్తుంది. ఇదంతా తోడల్లుడు వీధి చివర నుంచి నడిచి వచ్చేలోపే అయిపోవాలి.

పథకంలో అసలు ముక్క ఆఖరిదే. పిట్టగోడ పడితే నేరుగా టైలరు వరండా మీద పడుతుంది. ఆ వరండాలోనే ముక్కాలిపీట వేసుకుని అతని భార్య కాజాలు కుడుతుంది. ఆ భయం అతనికి నిజంగానే ఉంది. కాకపోతే గోడ తీయించిన పేరు తోడల్లుడు కొట్టేస్తాడేమోనన్న భయం అంతకంటే జానెడు ఎక్కువ.

తోడల్లుడికి ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉంది. అక్కాచెల్లెళ్ళలో అక్కను అతను చేసుకున్నాడు, చెల్లెల్ని టైలరు చేసుకున్నాడు. ఇద్దరికీ ఒకే అత్తవారిల్లు, ఒకే వీధి. వీధి సంఘానికి అధ్యక్షుడు మాత్రం తోడల్లుడే. టైలరుకు అది కంట్లో నలుసు. తోడల్లుడికి జుట్టు రాలకపోయినా ఇతనికి బాధే, దుకాణానికి కొత్త రంగు వేయించినా బాధే. ఒకసారి తోడల్లుడికి జ్వరమొస్తే డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు. తన జ్వరానికి ఏనాడూ డాక్టరు గడప తొక్కలేదని టైలరు వారం రోజులు కుమిలిపోయాడు.

ఖాళీ మేడ గొడవ కూడా ఆ తోడల్లుడి తెలివితోనే మొదలైంది. ఆ మేడ వారసులు తమలో తాము తగువులాడుకుని, తాళం వేసి, తలో దిక్కూ పోయారు. ముందు కిటికీ అద్దాలు పోయాయి. తర్వాత కుళాయిలు, పైపులు, ఆఖరికి లోపలి తలుపులు కూడా పోయాయి. వీధిలో వాళ్ళే చెత్త తెచ్చి అందులో పోయడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ఎవరో తాగుబోతులు లోపల మంట వేసి, ఆర్పకుండానే పోయారు. పొగ పక్కిళ్ళలోకి వచ్చేసరికి వీధంతా బకెట్లతో పరుగెత్తింది. మర్నాడే సంఘం సమావేశమైంది.

"దొంగ తాళానికి భయపడడు, మనిషికి భయపడతాడు. లోపల ఎవరో ఉంటున్నట్టు కనపడాలి. అంతే," అన్నాడు తోడల్లుడు. చీకటి పడగానే దానంతట అదే వెలిగే బ్యాటరీ దీపం ఒకటి తెచ్చి మేడ ముందు గదిలో పెట్టాడు. ఆ రోజు నుంచి మేడ వైపు దొంగ కాదు కదా, కుక్క కూడా వెళ్ళలేదు. వీధంతా తోడల్లుణ్ణి మెచ్చుకుంది. అది టైలరు ఎలాగో ఓర్చుకునేవాడే. కానీ అన్నం వడ్డిస్తూ భార్య కూడా, "ఏమాటకామాటే, మా బావ బుర్ర బుర్రే," అంది. టైలరుకు ఇక ముద్ద దిగలేదు.

మర్నాడు అతను తన బీరువా తెరిచి, ఎవరో కుట్టించుకుని పట్టుకెళ్ళని చొక్కాలు నాలుగు తీసి తడిపి, మేడ బాల్కనీలో ఆరేశాడు. వీధి ఆ చొక్కాల్నీ మెచ్చుకుంది. అది చూసి తోడల్లుడు ఒక పాత రేడియో తెచ్చి పెట్టాడు. టైలరు కిటికీలకు కర్టెన్లు కట్టాడు. తోడల్లుడు బాల్కనీలో పడక్కుర్చీ వేశాడు. టైలరు గుమ్మంలో చెప్పుల జత వదిలాడు. పంతం ఎంత ముదిరిందంటే, పాలాయన వచ్చి కొత్తగా దిగిన వారికి పాలు ఎన్ని పోయమంటారని అడిగాడు.

ఇందులో ఒక చిక్కుంది. తోడల్లుడు తెచ్చేవన్నీ దుకాణంలో మూలపడ్డ సరుకు. ఆ చొక్కాలు తప్ప టైలరు తెచ్చేవన్నీ ఇంట్లో వాడుకుంటున్నవి. కర్టెన్లు తన కిటికీలవి. చెప్పులు తనవి. అందువల్ల మేడ ముస్తాబైన కొద్దీ టైలరు ఇల్లు బోసిపోయింది.

"చూడు, ఆ మేడలో ఆయన చెప్పులు ఎంత చక్కగా విడుస్తాడో," అంది భార్య ఒకరోజు.

"అవి నేనే కదా పెట్టింది," అన్నాడు టైలరు.

"మరి మనింట్లో పెట్టడానికి ఏమొచ్చింది?"

టైలరుకు అప్పటిదాకా తోడల్లుడొక్కడి మీదే ఉన్న కడుపుమంట ఆ పూట నుంచి, అసలు లేనే లేని ఆ అద్దెమనిషి మీదికి కూడా పాకింది.

చివరికి వీధి గుమ్మంలో బల్బు కూడా తీసి మేడకు పట్టుకెళ్ళబోతుంటే భార్య అడ్డు నిలబడింది. "దారిన పోయేవాళ్ళందరికీ మన వంటిల్లు కనపడుతోంది. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీల మోత. ఆ కర్టెన్లు తిరిగొచ్చిన రోజున నేనూ వస్తాను," అని సంచి సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. అక్క ఇల్లంటే తోడల్లుడి ఇల్లే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో టైలరుకు ఆ రోజు తెలిసింది.

ఇది జరిగి రెండు రోజులైంది. ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని తెలియగానే, ఎవరి వస్తువులు వాళ్ళు పొద్దున్నే తీసేసుకోవాలని సంఘం తీర్మానించింది. ఖాళీ మేడ ఖాళీగా కనపడాలి కదా. అయితే ముందు ఎవరు తీయాలన్నది తీర్మానంలో లేదు.

టైలరు ఎనిమిదింటికే మేడ దగ్గరికి వెళ్ళాడు. తోడల్లుడి దీపం, రేడియో, కుర్చీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ముందు తీసేస్తే చూసేవాళ్ళకు అతనివే మిగులుతాయి, ఇన్నాళ్ళూ ఈ మేడను కాచింది అతనొక్కడే అనుకుంటారు, అని టైలరు వెనక్కి వచ్చేశాడు. కాసేపటికి తోడల్లుడు వచ్చాడు. చొక్కాలు ఇంకా ఆరుతున్నాయి. అతని బుర్రలో కూడా అదే లెక్క నడిచినట్టుంది, ఏమీ తీయలేదు సరికదా, రేడియో గొంతు కాస్త పెంచి వెళ్ళిపోయాడు.

ఆ పాట వరండాలోకి వినపడేసరికి టైలరుకు ఒళ్ళు మండింది. ఇంట్లో చుట్టూ చూశాడు. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా, రెండు పూలకుండీలు, ఆ బల్బు మిగిలాయి. అవన్నీ మోసుకొచ్చి మేడ మెట్ల మీద అమర్చాడు. తన ఇంట్లో ఇక కుట్టుమిషను తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు కాబట్టి, అదెక్కడ పోతుందోనని తలుపుకు తాళం వేశాడు. తర్వాత చెంబుతో కుండీలకు నీళ్ళు పోస్తూ, ఏ కుండీ ఎటు తిప్పితే వీధిలోకి బాగా కనపడుతుందా అని చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అనుకున్నదానికంటే ముందే వచ్చింది. అదీ వీధి మొదటి నుంచి కాదు, ఎదురు సందులోంచి.

"ఇల్లు బాగా పెట్టుకున్నారండీ," అంది మేడ వైపు మెచ్చుకోలుగా చూస్తూ.

ఇది నా ఇల్లు కాదని టైలరు అప్పుడే చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ అతని చెవిన పడింది మెచ్చుకోలు ఒక్కటే. "కర్టెన్లు నావేనండీ. కుట్టింది కూడా నేనే. రేడియో మాత్రం నాది కాదు," అన్నాడు.

ఆవిడ తలూపి, ఖాళీగా ఉన్న ఇంటి కోసం పక్కకు చూసింది. పక్కన కర్టెన్లు లేని కిటికీలు, దీపం లేని గుమ్మం, తాళం వేసిన తలుపు కనిపించాయి. చెప్పుల జాడ లేదు. వరండాలో దుమ్ము రెండు రోజుల నాటిది. ఆవిడ చకచకా వెళ్ళి ఆ తలుపు మీద ఎర్ర కాగితం అంటించింది. నివాసం లేని ఇల్లు, లోపలికి వెళ్ళడం ప్రమాదం అని దాని మీద పెద్ద అక్షరాలు.

టైలరు చెంబుతో సహా పరుగెత్తాడు. "మేడమ్, అది నా ఇల్లండీ."

"మరి ఇది?"

"ఇది ఎవరిదీ కాదండీ. ఎవరో ఉన్నట్టు కనపడాలని మేమే ఇలా..."

"కనపడుతూనే ఉంది. అందులో ఎవరూ లేనట్టూ కనపడుతోంది."

ఈలోగా జనం మూగారు. మేడలో ఉండే ఆయన పాలు పోయించుకోరు గానీ మనిషి చాలా నెమ్మది, ఇన్నాళ్ళలో ఒక్క మాట పైకి వినపడలేదని పాలాయన సాక్ష్యం చెప్పాడు. తోడల్లుడు ఆదరాబాదరాగా వచ్చాడు. వెనకే అక్కాచెల్లెళ్ళు వచ్చారు. ఆ తాళం వేసిన ఇంట్లో మనుషులున్నారా అని ఇన్‌స్పెక్టరమ్మ తోడల్లుణ్ణి అడిగింది.

"అబద్ధమెందుకు చెప్పాలండీ. మా మరదలు రెండ్రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది," అన్నాడతను. ఆ వెంటనే, మేడలో దీపం తనదని కూడా చెప్పాడు.

చొక్కాలు నావి అన్నాడు టైలరు. రేడియో తనదన్నాడు తోడల్లుడు. చొక్కా చూస్తే మనిషున్నట్టు, రేడియోకేముంది, దానంతట అదే మోగుతుంది అన్నాడు టైలరు. దీపం లేని చీకట్లో చొక్కా ఎవడికి కనపడుతుందన్నాడు తోడల్లుడు. మేడకు తానే ఎక్కువ ప్రాణం పోశానని ఇద్దరూ పోటీపడి నిరూపిస్తున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ సంచి మూసేసింది.

"ఇంత సందడిగా ఉన్న ఇంటి గోడ కూల్చమని నేను రాయలేను. మళ్ళీ ఈ వీధికి వచ్చేది వచ్చే ఏడాదే," అంది.

టైలరు తలెత్తి చూశాడు. పిట్టగోడ అలాగే వరండా మీదికి వాలి ఉంది. సరిగ్గా దాని కింద భార్య ముక్కాలిపీట ఉంది. భార్య ఆ పీట వైపే చూస్తోంది. అతనికి కర్టెన్లు, చొక్కాలు, సంఘం, అన్నీ ఒక్కసారిగా వెగటుగా అనిపించాయి. ఇక నిజం చెప్పాలి. చిక్కేమిటంటే, నిజం చెప్పాలంటే మొదట నోట్లోంచి రావలసింది తోడల్లుడి పేరే.

"మేడమ్," అన్నాడు. చెంబు కింద పెట్టాడు. మళ్ళీ అన్నాడు. "ఈ ఉపాయం మా అన్నయ్యదండీ. మంచి ఉపాయం. ఆ దీపం పెట్టబట్టే మా వీధి తగలబడకుండా ఉంది. దాన్ని చూసి ఓర్వలేక ఇవన్నీ తెచ్చి పెట్టింది నేను."

అని మెట్లెక్కి, తన చేత్తో కట్టిన కర్టెన్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కర్టెన్ వెనక కిటికీకి అద్దాల్లేవు, లోపల తలుపుల్లేవు. కూలిన వెనక గోడలోంచి ఆకాశం, దాని కింద చెత్తకుప్ప కనిపించాయి. ఇన్‌స్పెక్టరమ్మ అందర్నీ దూరంగా జరగమని, మనుషుల్ని పిలిపించింది. మధ్యాహ్నానికల్లా పిట్టగోడ దింపేశారు. మేడ వాకిలికి అడ్డంగా ఇటుకలు పేర్చి మూసేశారు.

భార్య కర్టెన్లు దులిపి, మడతపెట్టి చంకన పెట్టుకుంది. అక్క ఇంటి వైపు కాక తన ఇంటి వైపే నడిచింది. తాళం తీయబోతే తలుపు మీద ఎర్ర కాగితం అడ్డొచ్చింది. దాన్ని అంటించినంత తేలిగ్గా చించడానికి లేదట. ఆ ఇంట్లో నిజంగా మనుషులు ఉంటున్నారని వీధిలో పెద్దమనిషి ఒకరు పూచీపడాలని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పింది. టైలరు చుట్టూ చూశాడు. జనం అంతా ఒకే మనిషి వైపు చూశారు. ఆ మనిషి గొంతు సవరించుకుని, రెండడుగులు ముందుకు వేశాడు.

అప్పటినుంచీ టైలరు తన ఇంట్లో తోడల్లుడి పూచీ మీద ఉంటున్నాడు.